యూనిట్ 9: పాఠశాలలో కంప్యూటర్ బోధన – ఆన్‌లైన్ భద్రత

9.0 లక్ష్యాలు

ఈ యూనిట్‌ను చదివిన తరువాత మీరు

• ఆన్‌లైన్ భద్రతను కంప్యూటర్ పాఠంతో కలిపి ఎందుకు బోధించాలో వివరించగలుగుతారు.
• ఒక్కొక్క జాగ్రత్త వెనుక ఉన్న కంప్యూటర్ సూత్రాన్ని గుర్తించి, దానికి తగిన తరగతి కృత్యాన్ని రూపొందించగలుగుతారు.
• కంప్యూటర్లు తక్కువగా ఉన్న, లేదా అసలు లేని పాఠశాలలో ఈ పాఠాలను నిర్వహించగలుగుతారు.
• ఆపదలో పడిన విద్యార్థి మీ దగ్గరకు వచ్చినప్పుడు ఏం చేయాలో, ఏం చేయకూడదో చెప్పగలుగుతారు.

9.1 ఉపోద్ఘాతం

ఈ యూనిట్‌లోని ఉదాహరణలను భీమడోలు పరిసరాల నుంచి తీసుకున్నాం. అందుకు కారణం ఉంది. ఏలూరుకూ తాడేపల్లిగూడేనికీ నడుమ ఉన్న ఈ మండలానికి ఉత్తరాన ద్వారకా తిరుమల వైపు మెట్ట భూములు, దక్షిణాన కొల్లేటి లంకలు, చేపల చెరువులు ఉన్నాయి. తాడేపల్లిగూడెంలో 2015లో మొదలైన జాతీయ సాంకేతిక విద్యాసంస్థ, ఎన్‌ఐటీ, ఉంది. అక్కడికి గంటసేపటి ప్రయాణంలోనే ఇంటిల్లిపాదికీ ఒకే స్మార్ట్‌ఫోను ఉన్న కుటుంబాలూ ఉన్నాయి. కంప్యూటర్ విద్యలో మనకు ఎదురయ్యే రెండు కొసలూ ఇక్కడ పక్కపక్కనే కనిపిస్తాయి. మీ ఊరు ఏదైనా మీ తరగతి ఈ రెండు కొసల నడుమ ఎక్కడో ఒకచోట ఉంటుంది.

ఇప్పుడు ఒక ఇంటిని ఊహించండి. చేపల పట్టుబడి డబ్బు, మేత బాకీ, కూలీల చెల్లింపు అన్నీ తండ్రి ఫోను మీదే నడుస్తున్నాయి. రాత్రి భోజనాల తరువాత అదే ఫోను ఎనిమిదో తరగతి చదివే అమ్మాయి చేతికి వస్తుంది. ఆమె పాఠం వీడియో చూస్తుంది, స్నేహితురాలికి ఫొటో పంపుతుంది, తమ్ముడికి ఆట పెట్టి ఇస్తుంది. కుటుంబం బ్యాంకు ఖాతా, పిల్లల ఆటవస్తువు, బడి నోటు పుస్తకం, ఇరుగుపొరుగుతో మాట్లాడే అరుగు – ఇవన్నీ ఒకే పరికరంలో ఉన్నాయి. ఆ అమ్మాయి నొక్కే ఒక్క మీట ఇంటి సీజను సంపాదన మీద ప్రభావం చూపగలదు. ఆమె పంపిన ఒక్క ఫొటో ఆమె చదువు మీద ప్రభావం చూపగలదు.

ఇటువంటి విద్యార్థికి మన పాఠశాలలు సాధారణంగా నిషేధాల జాబితాను ఇస్తాయి: తెలియని లింకు నొక్కవద్దు, ఓటీపీ చెప్పవద్దు, కొత్తవారితో మాట్లాడవద్దు. జాబితా తప్పు కాదు. అయితే అది నిన్నటి మోసాలను చూసి రాసినది. రేపటి మోసం మరో వేషంలో వస్తుంది. ఒక జాగ్రత్త ఎందుకు అవసరమో తెలిసిన పిల్ల కొత్త వేషాన్ని కూడా గుర్తుపడుతుంది. కంఠస్థం చేసిన పిల్ల పాత వేషాన్నే గుర్తుపడుతుంది. కాబట్టి భద్రతను కంప్యూటర్ పాఠంలో భాగంగానే బోధించాలన్నది ఈ యూనిట్ ప్రధానాంశం. దీనికి తోడుగా మరొక అంశం ఉంది. ఎంత తెలిసినా ఎవరో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు చిక్కులో పడతారు. అప్పుడు ఆ విద్యార్థి భయపడకుండా వచ్చి చెప్పుకోగల ఉపాధ్యాయులుగా మీరు ఉండాలి.

9.2 పాఠశాలలోకి కంప్యూటర్ వచ్చిన తీరు

మన దేశంలో పాఠశాలలకు కంప్యూటర్లను అందించే ప్రయత్నం 1984-85లో కేంద్ర ప్రభుత్వం చేపట్టిన ‘క్లాస్’ పథకంతో మొదలైంది. అప్పట్లో బీబీసీ మైక్రో అనే బ్రిటిష్ తయారీ యంత్రాలను ఎంపిక చేసిన పాఠశాలలకు ఇచ్చారు. 2004 డిసెంబరులో ‘ఐసీటీ ఎట్ స్కూల్స్’ పథకం వచ్చింది. 2008 ప్రాంతంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 5,000 పాఠశాలల్లో కంప్యూటర్ ప్రయోగశాలలు ఏర్పాటయ్యాయి. ఒక కంప్యూటరు శక్తిని అనేక తెరలకు పంచి, ఒకే యంత్రం మీద పలువురు విద్యార్థులు పనిచేసే పద్ధతిని ఆ ప్రయోగశాలల్లో వాడారు. 2017లో దీక్షా వేదిక ప్రారంభమైంది. పాఠ్యపుస్తకాలలో క్యూఆర్ కోడ్‌లు వచ్చాయి. 2020లో కోవిడ్ కారణంగా బడులు మూతపడినప్పుడు పాఠాలు టీవీ తెరల మీదికీ, సెల్‌ఫోన్లలోకీ చేరాయి.

2022 డిసెంబరు 21న బాపట్ల జిల్లా యడ్లపల్లిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ట్యాబుల పంపిణీని ప్రారంభించింది. ప్రభుత్వ పాఠశాలల్లో ఎనిమిదో తరగతి చదివేవారికీ, వారికి బోధించే ఉపాధ్యాయులకూ కలిపి 5 లక్షలకు పైగా ట్యాబులు అందాయి. మరుసటి సంవత్సరం డిసెంబరులో తరువాతి ఎనిమిదో తరగతి వారికీ ఇచ్చారు. పాఠాలు తప్ప ఇతర విషయాలు తెరుచుకోకుండా వాటికి సాఫ్ట్‌వేర్ తాళం వేశారు. కొన్నిచోట్ల విద్యార్థులు ఆ తాళాన్ని దాటినట్లు పత్రికలలో వార్తలు వచ్చాయి.

ఆ పంపిణీ మంచిచెడ్డల చర్చ ఈ యూనిట్ పరిధిలోనిది కాదు. అయితే బోధన దృష్టితో చూస్తే ఆ వార్తల నుంచి మనం రెండు విషయాలు గ్రహించాలి. మొదటిది, తాళం దాటిన పిల్లలకు కంప్యూటర్ మీద ఆసక్తి, ప్రయోగం చేసే తెలివి ఉన్నాయి. ఆ తెలివికి తరగతిలో చోటు దొరకలేదు. రెండవది, బడి ఇచ్చిన పరికరానికి వేసిన తాళం ఇంట్లోని ఫోనును కాపాడదు. తాళం అవసరమే. కాని పరికరానికి వేసిన తాళం పరికరంతోనే ఉండిపోతుంది. విద్యార్థి తలలోకి చేరిన అవగాహన అతడు ఏ పరికరం పట్టుకున్నా వెంట వస్తుంది.

జాతీయ విద్యావిధానం 2020 మాధ్యమిక దశలో, అంటే 6 నుంచి 8 తరగతులలో, కోడింగ్‌కు సంబంధించిన కృత్యాలను ప్రవేశపెట్టాలని సూచించింది. కోడింగ్ అంటే యంత్రానికి అంచెలంచెలుగా ఆదేశాలివ్వడం. ఆదేశం ఎవరు ఇస్తున్నారు, ఎవరి మేలు కోసం ఇస్తున్నారు అన్న ప్రశ్న అడగగలగడమే భద్రతకు మొదటి మెట్టు. ఆ విధంగా ఈ రెండు పాఠాలూ ఒకటే.

9.3 జాగ్రత్త వెనుక సూత్రం: ఐదు పాఠాలు

కింది ఐదు పాఠాలలో ఒక్కొక్కదానిని ఒక పీరియడులో పూర్తిచేయవచ్చు. వీటికి నల్లబల్ల, కాగితాలు చాలు. కంప్యూటర్ లేకుండా కంప్యూటర్ శాస్త్రాన్ని కృత్యాల ద్వారా బోధించే ఈ పద్ధతికి న్యూజిలాండ్‌లోని కాంటర్‌బరీ విశ్వవిద్యాలయంలో రూపుదిద్దుకున్న ‘సీఎస్ అన్‌ప్లగ్డ్’ మంచి పేరు తెచ్చింది.

9.3.1 పాస్‌వర్డ్: అవకాశాల లెక్క

హాస్టలు ట్రంకుపెట్టెకు వేసే మూడంకెల నంబరు తాళంతో మొదలుపెట్టండి. 000 నుంచి 999 వరకు 1,000 అవకాశాలు ఉంటాయి. ఒక్కొక్కటి ప్రయత్నించడానికి 2 సెకన్లు పడుతుందనుకుంటే అన్నీ పూర్తిచేయడానికి దాదాపు 33 నిమిషాలు చాలు. నాలుగంకెలైతే 10,000 అవకాశాలు. ఐదున్నర గంటలు పడుతుంది. ఈ లెక్కను విద్యార్థులచేతే చేయించండి. తరువాత ఎనిమిది ఆంగ్ల చిన్న అక్షరాలకు 26ను ఎనిమిదిసార్లు హెచ్చించమనండి. దాదాపు 20,882 కోట్లు వస్తుంది. ఒక్కొక్క అక్షరం చేరినకొద్దీ అవకాశాలు 26 రెట్లు పెరుగుతాయన్నది ఈ పాఠంలోని గణితం.

ఇప్పుడు అసలు ప్రశ్న వేయండి: నాలుగంకెల పిన్‌గా పుట్టిన తేదీ, నెల పెట్టుకుంటే ఎన్ని అవకాశాలు మిగులుతాయి? 10,000 కాస్తా 366కు పడిపోతుంది. మన పుట్టినరోజు తెలిసినవారికి ఒక్కటే మిగులుతుంది. ‘పుట్టిన తేదీ పెట్టవద్దు’ అన్న నిషేధం ఇప్పుడు విద్యార్థి తానే చేసిన లెక్కగా మారింది. తనకు మాత్రమే తెలిసిన నాలుగైదు సంబంధం లేని మాటలను కలిపి పొడవైన పాస్‌వర్డు చేసుకోవడం మేలని వారే చెబుతారు. తరగతిలో ఎవరి నిజమైన పాస్‌వర్డునూ అడగవద్దు. సరదాకు కూడా చెప్పించవద్దు.

9.3.2 నకలు: పంపినది వెనక్కి రాదు

ఒక విద్యార్థితో చీటీ మీద ‘రేపు మామిడికాయ తెస్తాను’ వంటి మామూలు వాక్యం రాయించండి. చీటీ అందుకున్నవారు దానిని తమ పుస్తకంలో రాసుకొని పక్కవారికి ఇవ్వాలి. మూడు నిమిషాల తరువాత చీటీని తిరిగి తీసుకొని చింపివేయమనండి. ఆ తరువాత ‘వాక్యం పోయిందా?’ అని అడగండి. తరగతి నవ్వుతుంది; పాఠం బోధపడుతుంది.

కంప్యూటరులో ఫొటో అయినా, మాట అయినా 0, 1 అంకెల వరస. వస్తువును ఇస్తే మన దగ్గర ఉండదు. అంకెల వరసను పంపితే మన దగ్గరా ఉంటుంది, దారిలోని సర్వరులోనూ ఉండవచ్చు, అందుకున్నవారి ఫోనులోనూ ఉంటుంది. ‘అందరికీ తొలగించు’ అన్న మీట నొక్కేలోగా అవతలివారు తెరపట్టు తీసుకొని ఉండవచ్చు. అసలుకూ నకలుకూ తేడా ఉండకపోవడం డిజిటల్ సమాచారానికి ఉన్న గొప్ప గుణం. పాఠ్యపుస్తకం లక్షల మందికి ఖర్చు లేకుండా చేరడానికి కారణం అదే. ఫొటో అదుపు తప్పడానికీ కారణం అదే. ఈ రెండు వైపులనూ చెప్పండి. ఒక వైపే చెబితే పాఠం బెదిరింపుగా మిగిలిపోతుంది.

9.3.3 చిరునామా: చివరి వరస చదవడం

ఉత్తరం కవరు మీద చిరునామాను నల్లబల్ల మీద రాయండి. మొదటి వరసలో ‘ఏలూరు కలెక్టరు వీధి’ అని ఉంది, చివరి వరసలో మరొక రాష్ట్రంలోని ఊరి పేరు ఉంది. ఉత్తరం ఎక్కడికి పోతుంది? చివరి వరసలో ఉన్న ఊరికే. వెబ్ చిరునామా కూడా ఇంతే. మొదటి గీటుకు ముందున్న భాగాన్ని కుడి నుంచి ఎడమకు చదవాలి. ప్రభుత్వ సైట్ల చిరునామాలు చాలావరకు ‘గవ్ డాట్ ఇన్’తో ముగుస్తాయి. ‘గవ్’ అన్న మాట మొదట్లోనో మధ్యలోనో ఉండి, చివర మరొక పేరు ఉంటే అది ఆ చివరి పేరు గలవారిది. సంక్షేమ పథకం డబ్బు పడుతుందంటూ వచ్చే నకిలీ లింకులను ఈ ఒక్క సూత్రంతో చాలావరకు గుర్తించవచ్చు.

ఇక్కడే తాళం గుర్తు గురించి చెప్పండి. చిరునామా పక్కన తాళం ఉంటే సైటు మంచిదని చాలామంది పెద్దలు కూడా అనుకుంటారు. తెరిచిన పోస్టుకార్డును దారిలో ఎవరైనా చదవవచ్చు. అంటించిన కవరును చదవలేరు. తాళం గుర్తు చెప్పేది అంతే: దారిలో ఎవరూ చదవకుండా సమాచారం సంకేతరూపంలో వెళుతోంది. అవతల కవరు విప్పేవాడు నిజాయితీపరుడన్న హామీ అందులో లేదు. దొంగకు కూడా కవరు అంటించి పంపవచ్చు.

9.3.4 దత్తాంశం, ప్రోగ్రాము: చూసేది, చేసేది

ఫొటో, పాట, పాఠం – ఇవి దత్తాంశాలు. మనం వాటిని చూస్తాం, వింటాం. ప్రోగ్రాము అట్లా కాదు. అది పనులు చేస్తుంది. వంట పుస్తకంలోని బొమ్మకూ, వంటగదిలోకి వచ్చిన వంటమనిషికీ ఉన్న తేడా ఇది. ఆండ్రాయిడ్ ఫోనులో ‘ఏపీకే’ అన్న అక్షరాలతో ముగిసే ఫైలు ప్రోగ్రామును ఇన్‌స్టాల్ చేసే ఫైలు. పెళ్ళి శుభలేఖ, ట్రాఫిక్ చలానా, పథకం దరఖాస్తు అన్న పేర్లతో వాట్సాప్‌లో ఇటువంటి ఫైళ్లు వచ్చి, తెరిచినవారి ఖాతాలు ఖాళీ అయిన సంఘటనలను పత్రికలలో తరచు చూస్తున్నాం.

ఇవి ఎట్లా పనిచేస్తాయో విద్యార్థులకు చెప్పండి. కొత్త ప్రోగ్రాము ఫోనులోకి వచ్చాక కొన్ని అనుమతులు అడుగుతుంది. వాటిలో ఎస్‌ఎంఎస్‌లు చదివే అనుమతి ఒకటి. అది ఇస్తే బ్యాంకు పంపే ఓటీపీని మనం ఎవరికీ చెప్పనక్కర లేదు. ఆ ప్రోగ్రామే చదివి పంపించివేస్తుంది. ‘ఓటీపీ చెప్పవద్దు’ అన్న ఒక్క నియమాన్ని బట్టీపట్టినవారు ఇక్కడ ఓడిపోతారు. కృత్యంగా నాలుగు కాల్పనిక ప్రోగ్రాముల పేర్లు, అవి అడిగే అనుమతులు రాసి, ఏది పనికి తగిన అనుమతో, ఏది కాదో చర్చించమనండి. దారి చూపే పటానికి మనమున్న చోటు తెలియాలి, నిజమే. శుభలేఖకు మన ఎస్‌ఎంఎస్‌లతో ఏం పని?

9.3.5 పిన్, ఓటీపీ: సంతకం

బ్యాంకు మనిషిని చూడదు, ఆధారాలను చూస్తుంది. మనకు తెలిసినది ఒకటి, మన చేతిలో ఉన్నది మరొకటి – ఈ రెండు ఆధారాలు కలిస్తే ఖాతాదారు మనమేనని నమ్ముతుంది. పిన్ మనకు తెలిసినది. ఓటీపీ మన చేతిలోని ఫోనుకు వచ్చినది. ఒక్కటి దొంగకు దొరికినా రెండోది అడ్డుపడాలన్నది ఈ ఏర్పాటు వెనుక ఉన్న ఆలోచన.

2016లో మొదలైన యూపీఐలో డబ్బు పంపేటప్పుడు కొట్టే పిన్ చెక్కు మీద పెట్టే సంతకం వంటిది. డబ్బు అందుకోవడానికి పిన్ అవసరం లేదు. ‘మీకు బహుమతి పంపుతున్నాం, పిన్ కొట్టి తీసుకోండి’ అన్నవాడు మనచేత చెక్కు మీద సంతకం చేయించుకుంటున్నాడు. ఒక విద్యార్థి చేపల వ్యాపారిగా, మరొకరు రైతుగా, ఇంకొకరు బ్యాంకుగా నటించే కృత్యాన్ని పెట్టండి. డబ్బు ఎటు వెళ్ళేటప్పుడు ఎవరి సంతకం కావాలో ఆడి చూసినవారు ఇక మరచిపోరు. ఈ పాఠం విన్న పిల్లలను ఇంట్లో ఒక పెద్దవారికి దీనిని వివరించి రమ్మనండి. భీమడోలు వంటి ప్రాంతంలో తరగతి గదిలో చెప్పిన పాఠం చెరువు గట్టు దాకా చేరే దారి ఇదే.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 1

1. నాలుగంకెల పిన్‌గా పుట్టిన తేదీ, నెల పెట్టుకుంటే ఎందుకు బలహీనమవుతుంది?
2. చిరునామా పక్కన ఉన్న తాళం గుర్తు ఏ విషయాన్ని తెలుపుతుంది? ఏ విషయాన్ని తెలుపదు?

9.4 తరగతి నిర్వహణ

కంప్యూటర్లు కొద్దిగా ఉన్న గదిలో ఒక్కొక్క యంత్రం ముందు ముగ్గురు నలుగురు కూర్చుంటారు. చొరవ ఉన్నవారు మీటల పలక దగ్గర స్థిరపడిపోతారు. మిగిలినవారు, అందులోనూ ఆడపిల్లలు, వెనుక నుంచి చూస్తూ ఉండిపోతారు. దీనిని నివారించడానికి ప్రతి పది నిమిషాలకూ చోట్లు మార్పించండి. ఒకరు మీటలు నొక్కాలి, ఒకరు చదివి వినిపించాలి, ఒకరు చేసిన పనిని పుస్తకంలో రాయాలి. మీటలు నొక్కేవారు తమంతట తాము ఏమీ చేయకుండా పక్కవారు చెప్పినదే చేయాలన్న నియమం పెడితే అందరూ ఆలోచిస్తారు.

మూల్యాంకనంలో ‘ఆన్‌లైన్ జాగ్రత్తలు ఐదు రాయండి’ అన్న ప్రశ్న ఇవ్వవద్దు. దానికి బట్టీ సమాధానం చాలు. అంతవరకు చూడని ఒక సందేశాన్ని ఇచ్చి, ‘ఇందులో మీకు అనుమానం కలిగించినది ఏది? ఎందుకు?’ అని అడగండి. ‘ఎందుకు’కు వచ్చిన జవాబుకే ఎక్కువ మార్కులు కేటాయించండి. అనుమానించవలసినది ఏమీ లేని నిజమైన సందేశాన్ని కూడా మధ్యలో ఒకటి ఉంచండి. అన్నింటినీ అనుమానించడం తెలివి కాదని విద్యార్థికి తెలియాలి.

ఉపాధ్యాయుని నడవడి కూడా పాఠమే. విద్యార్థుల ఫొటోలను, మార్కుల జాబితాలను అనుమతి లేకుండా వాట్సాప్ గ్రూపులలో పెట్టేవారు గోప్యత గురించి చెప్పిన పాఠం నిలవదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం 18 ఏళ్ళ లోపు వారిని బాలలుగా పరిగణిస్తుంది. వారి వ్యక్తిగత సమాచారాన్ని వాడుకోవాలంటే తల్లిదండ్రుల సమ్మతి ఉండాలన్నది అందులోని సూత్రం.

9.5 విద్యార్థి వచ్చి చెప్పినప్పుడు

ఆన్‌లైన్ వేధింపులలో జరిగే నష్టం చాలాసార్లు మౌనం వల్ల పెరుగుతుంది. ఫొటో బయటపెడతానని ఎవరో బెదిరిస్తారు. చెబితే తిడతారని, ఫోను లాక్కుంటారని పిల్ల భయపడుతుంది. ఆడపిల్ల విషయంలో ఆ భయం ఫోనుతో ఆగదు. బడి మాన్పిస్తారేమో, పెళ్ళి చేసేస్తారేమో అన్నంత దూరం వెళుతుంది. బెదిరించేవాడి బలమంతా ఆ భయమే. ‘నీ తప్పు కాదు, చెప్పి మంచిపని చేశావు’ అని మీరు పలికే మొదటి మాటతో ఆ బలం సగం తగ్గుతుంది. ఆ మాటను సంఘటన జరిగే దాకా దాచుకోవద్దు. ఎవరు ఏ చిక్కులో పడినా నన్ను కలవవచ్చని, నేను తిట్టనని విద్యా సంవత్సరం మొదట్లోనే తరగతిలో చెప్పండి.

చేయవలసినవి:

• సందేశాలను, నంబర్లను, తేదీలను తుడిచివేయకుండా ఉంచమనండి. అవే సాక్ష్యాలు.
• డబ్బు పోయిన సందర్భంలో వెంటనే 1930 నంబరుకు ఫోను చేయించండి. డబ్బు ఖాతాలు మారుతూ పోతుంది. సమాచారం ఎంత త్వరగా అందితే దానిని మధ్యలో నిలిపివేసే అవకాశం అంత ఎక్కువ. జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లోనూ ఫిర్యాదు నమోదు చేయవచ్చు.
• బాలల సహాయానికి 1098, అత్యవసర పరిస్థితిలో 112 నంబర్లను తరగతి గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించండి.
• లైంగిక స్వభావం గల వేధింపు అయితే ప్రధానోపాధ్యాయులకు తెలియజేసి పోలీసులకు సమాచారం అందేలా చూడండి. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం నేరం గురించి తెలిసిన వ్యక్తి సమాచారం ఇవ్వడం విధి. ఊళ్ళో సర్దుబాటు చేసుకుందామన్న మాటకు అక్కడ చోటు లేదు.

చేయకూడనివి:

• ఆ ఫొటోనో వీడియోనో ‘సాక్ష్యం కోసం’ మీ ఫోనులోకి పంపించుకోవద్దు, మరొకరికి చూపించవద్దు. బాలల అశ్లీల చిత్రాలను పంపడం సమాచార సాంకేతిక చట్టంలోని 67బి సెక్షను కింద నేరం. ఉద్దేశం మంచిదైనా దానిని పంచడం నకళ్లను పెంచడమే.
• విద్యార్థి పేరును ఉపాధ్యాయుల గదిలో చర్చకు పెట్టవద్దు. బాధితుల గుర్తింపును గోప్యంగా ఉంచాలని పోక్సో చట్టం చెబుతోంది.
• బెదిరించినవాడికి డబ్బు ఇప్పించి ముగించాలని చూడవద్దు. నకలు వాడి దగ్గరే ఉంటుంది, మళ్ళీ అడుగుతాడు.

ఫొటో బయటికి వెళ్ళాక ఇక చేయగలిగింది లేదని చాలామంది నిరాశపడతారు. అది పూర్తిగా నిజం కాదు. అమెరికాలోని నేషనల్ సెంటర్ ఫర్ మిస్సింగ్ అండ్ ఎక్స్‌ప్లాయిటెడ్ చిల్డ్రన్ సంస్థ 2023లో ‘టేక్ ఇట్ డౌన్’ అనే ఉచిత సేవను ప్రారంభించింది. 18 ఏళ్ళ లోపు వయసులో తీసిన అటువంటి చిత్రాల కోసం దానిని ఏర్పాటు చేశారు. దానిలో ఫొటోను ఎవరికీ పంపనక్కర లేదు. విద్యార్థి ఫోనులోనే ఆ ఫొటో నుంచి ఒక అంకెల గుర్తు, అంటే వేలిముద్ర వంటిది, తయారవుతుంది. ఆ గుర్తు మాత్రమే సంస్థకు చేరుతుంది. ఇందులో పాల్గొంటున్న సామాజిక మాధ్యమాలు తమ దగ్గర అదే గుర్తు గల చిత్రం కనబడితే తొలగిస్తాయి. అంకెల వరసను నకలు చేయగలగడం వల్ల వచ్చిన ఆపదకు అంకెల వరసను పోల్చగలగడం వల్ల కొంత ఉపశమనం దొరుకుతోంది. ఇది 9.3.2లో మీరు చెప్పిన పాఠానికి రెండో భాగం.

చివరగా తల్లిదండ్రుల విషయం. పిల్ల చెప్పిన వెంటనే ఫోను లాక్కుంటే మరుసటిసారి ఆమె చెప్పదు. ఈ మాటను తల్లిదండ్రుల సమావేశంలో, ఎవరి పేరూ ఎత్తకుండా, ముందే చెప్పండి. కొల్లేటి గ్రామాల్లో వరద వస్తుందనుకున్నప్పుడు గట్టు చూడటానికి వెళ్ళినవాడు గండి పడబోతోందని కేక వేస్తే, వాడిని కొట్టరు. అందరూ గట్టు దగ్గరకు పరుగెత్తుతారు. పిల్ల చెప్పిన మాటను కూడా అట్లాగే తీసుకోవాలని వివరిస్తే వారికి సులభంగా అర్థమవుతుంది.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 2

3. మూల్యాంకనంలో నిజమైన సందేశాన్ని కూడా ఎందుకు చేర్చాలి?
4. బెదిరింపుకు గురైన విద్యార్థి ఫొటోను ఉపాధ్యాయుడు తన ఫోనుకు ఎందుకు పంపించుకోకూడదు?

9.6 సారాంశం

పాఠశాలలకు నలభై ఏళ్ళుగా కంప్యూటర్లు వస్తున్నాయి. ఇప్పుడు అవి విద్యార్థి ఇంట్లోకి, కుటుంబం బ్యాంకు ఖాతా పక్కకు చేరాయి. నిషేధాల జాబితా పాత మోసాలనే ఆపుతుంది. అవకాశాల లెక్క, నకలు స్వభావం, చిరునామా నిర్మాణం, దత్తాంశానికీ ప్రోగ్రాముకూ తేడా, ధ్రువీకరణ పద్ధతి – ఈ ఐదు సూత్రాలు తెలిసిన విద్యార్థి కొత్త మోసాన్నీ ప్రశ్నించగలుగుతాడు. వీటిని బోధించడానికి ప్రయోగశాల లేదన్నది అడ్డంకి కాదు. అయినా చిక్కులో పడిన విద్యార్థికి ముందు దొరకవలసినది తిట్టు కాదు, వినే మనిషి. సాక్ష్యాన్ని భద్రపరచడం, గోప్యతను కాపాడటం, సమయానికి ఫిర్యాదు చేయించడం ఉపాధ్యాయుని బాధ్యతలు.

9.7 మీ ప్రగతిని సరిచూసుకోండి – మాదిరి సమాధానాలు

1. అవకాశాలు 10,000 నుంచి 366కు తగ్గుతాయి. పుట్టినరోజు తెలిసినవారికి ఒక్కటే మిగులుతుంది.
2. సమాచారం దారిలో ఎవరూ చదవకుండా వెళుతోందని తెలుపుతుంది. అవతలివారు నమ్మదగినవారని తెలుపదు.
3. అన్నింటినీ అనుమానించడం కాక, కారణం చూసి నిర్ణయించడం నేర్పడానికి.
4. అది మరొక నకలును సృష్టిస్తుంది. అటువంటి చిత్రాలను పంపడం చట్టం ప్రకారం నేరం. విద్యార్థి గోప్యతకు భంగం.

9.8 నమూనా పరీక్షా ప్రశ్నలు

I. కింది వాటికి 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. ఆన్‌లైన్ భద్రతను కంప్యూటర్ సూత్రాలతో కలిపి బోధించవలసిన ఆవశ్యకతను తగిన ఉదాహరణలతో వివరించండి.
2. ఆన్‌లైన్ వేధింపుకు గురైన విద్యార్థి పట్ల ఉపాధ్యాయుని బాధ్యతలను చర్చించండి.

II. కింది వాటికి 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. దత్తాంశానికీ ప్రోగ్రాముకూ ఉన్న తేడాను ఎనిమిదో తరగతికి బోధించడానికి ఒక కృత్యాన్ని రూపొందించండి.
2. పరికరానికి వేసే తాళం వల్ల కలిగే ప్రయోజనాన్ని, దాని పరిమితిని తెలపండి.

III. అభ్యాసకృత్యం
మీ పాఠశాల ఉన్న ఊరిలో ఫోను ద్వారా జరిగే చెల్లింపులలో ఏవైనా మూడింటిని పరిశీలించండి. ఎవరి పేర్లు, ఖాతా వివరాలు సేకరించకుండా, ఒక్కొక్కదానిలో డబ్బు ఎటు వెళుతోంది, పిన్ ఎవరు కొట్టాలి అన్నది పటంగా గీయండి. ఆ పటాన్ని ఆధారంగా చేసుకొని 45 నిమిషాల పాఠ్యపథకం రాయండి.